నేను నింపిన మొదటి ఇన్సిడెంట్ ఫారం

2022 సెప్టెంబర్‌లో మా వార్డులో ఒక ప్రశ్నల కాగితం పంచారు. రోగుల భద్రత గురించి నర్సులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి అన్నారు. ఆ నెల 17న ప్రపంచ రోగి భద్రతా దినం. ఆ ఏడాది అంశం మందుల వల్ల హాని జరగకుండా చూసుకోవడం. నర్సింగ్ స్టేషన్ వెనక గోడకు పోస్టర్ అతికించి, దాని ముందు మమ్మల్ని నిలబెట్టి ఫొటో కూడా తీశారు.

కాగితంలో ఒక వాక్యం ఉంది. పొరపాటు రిపోర్ట్ చేస్తే సమస్యను వదిలేసి మనిషిని పట్టుకుంటారని మీకు అనిపిస్తుందా, అని. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, రెండింటిలో ఒకదానికి టిక్ పెట్టాలి. నేను 'ఒప్పుకోను' దగ్గర పెట్టాను. అది అబద్ధం. గత 12 నెలల్లో ఎన్ని సంఘటనలు, అంటే పొరపాట్లు, రిపోర్ట్ చేశారు అన్నదానికి 'ఒక్కటీ లేదు' అని రాశాను. అది మాత్రం నిజం.

పేరు రాయక్కర్లేదన్నారు. కానీ కాగితాలు పోగు చేసింది మా ఇన్‌ఛార్జ్ సిస్టరే. మడత కూడా పెట్టకుండా ఆవిడ చేతికే ఇచ్చాం. రోజూ మా కేస్ షీట్లు చూసే మనిషికి ఎవరి చేతిరాత ఎవరిదో తెలియదా? మా వార్డులో పద్నాలుగు మందిమి. దాదాపు అందరం అలాగే రాశామని తర్వాత మాటల్లో తెలిసింది. నర్సుల వైఖరి ఎలా ఉందో తెలుసుకోవాలంటే ముందు ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో చూడాలని ఇప్పుడు గట్టిగా చెబుతాను. అప్పుడు చెప్పేంత ధైర్యం లేదు.

నాకా భయం ఊరికే రాలేదు. ఖమ్మంలో జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి హైదరాబాద్ వచ్చాక మొదట చేరిన ఆసుపత్రిలో నాతోపాటు ఒక అమ్మాయి ఉండేది. ఒక రోజు పక్క బెడ్ రోగికి వేయాల్సిన యాంటీబయాటిక్ వేరే ఆయనకు ఎక్కించింది. ఆయనకు ఏమీ కాలేదు. తనే వెళ్లి చెప్పింది. మర్నాడు ఉదయం డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో అందరి ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. మెమో ఇచ్చారు, వారం జీతం కోశారు. నెల తిరక్కముందే ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయింది. ఆ రెండు బెడ్లలో ఉన్నవాళ్ల ఇంటిపేరూ పేరూ ఒకటేనన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. మేమంతా అక్కడే నిలబడి చూశాం. చెబితే ఇలా అవుతుందని ఆ రోజు నా బుర్రలో పడింది. కాలేజీలో మూడేళ్లు నేర్చుకున్నదాని కంటే బలంగా పడింది.

పైగా అదే 2022 మార్చిలో మా నర్సుల వాట్సాప్ గ్రూపు ఒక వార్తతో వారం రోజులు మోగిపోయింది. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఒక నర్సు 2017లో మత్తు కోసం ఇవ్వాల్సిన మందు బదులు కండరాలను కదలకుండా చేసే వెక్యూరోనియం ఇచ్చింది. ఆ మందు పడిన పెద్దావిడ చనిపోయింది. జరిగింది నర్సు దాచలేదు. కోర్టు ఆమెను దోషి అంది. మేలో జైలుకు పంపకుండా మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. పోయింది ఒక ప్రాణం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ గ్రూపులో మాత్రం అందరూ రాసింది ఒకటే, "చూశారా, ఒప్పుకున్నందుకు ఏమైందో."

ఈ మనసుతోనే నవంబర్‌లో ఆ నైట్ డ్యూటీకి వెళ్లాను.

జనరల్ మెడిసిన్ వార్డు. 22 మంది రోగులు. నేను, శ్రీకాకుళం నుంచి వచ్చి చేరి నాలుగు నెలలైన ఒక జూనియర్, ఒక ఆయమ్మ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రుల్లో 5 మంది రోగులకు ఒక నర్సు ఉండాలి, బోధనాసుపత్రుల్లో 3గురికి ఒకరు. ఆ లెక్క మాకు పరీక్షల్లో రాయడానికి మాత్రమే పనికొచ్చింది.

14వ బెడ్‌లో నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ. షుగరు, కాలి మీద పుండు. రాత్రి పది గంటలకు గ్లార్జిన్ ఇన్సులిన్ 16 యూనిట్లు ఇవ్వాలి. మామూలుగా ఆవిడకు ఇన్సులిన్ పెన్నుతో ఇచ్చేవాళ్లం. ఆ రోజు ఫార్మసీలో పెన్నులు అయిపోయాయని అదే మందు వయల్‌లో, అంటే చిన్న సీసాలో, పంపారు. నేను ఫ్రిజ్ తెరిచాను. ప్లాస్టిక్ ట్రేలో ఇన్సులిన్ వయల్స్ అన్నీ కలిసి ఉన్నాయి. గ్లార్జిన్ తీశాను, పేరు చూశాను, ఎక్స్‌పైరీ చూశాను. ట్రాలీ మీద డబ్బాలో నుంచి ఇన్సులిన్ సిరంజీ తీశాను, ఎర్ర మూతది. పదహారో గీత దాకా లోడ్ చేశాను. అప్పుడే 9వ బెడ్ ఆయన నరంలో పెట్టిన క్యానులా పీక్కున్నాడు, దుప్పటి నిండా రక్తం. ఎమర్జెన్సీ నుంచి కొత్త అడ్మిషన్ పైకి వస్తోందని ఫోన్. "అక్కా, మీరు వేసేయండి, నేను అటు చూస్తా" అని జూనియర్ పరిగెత్తింది. ఇన్సులిన్ లాంటి ప్రమాదకరమైన మందులకు ఇద్దరు చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను వేసేశాను. తన సంతకం తర్వాత పదకొండింటికి, మిగతా రోగుల సంతకాలతో కలిపి ఒకేసారి పెట్టింది. రోజూ అలాగే పెట్టేవాళ్లం.

ఇక్కడ కాస్త ఆగి ఒక విషయం చెప్పాలి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లకు కూడా ఇది కావాలి. మన దగ్గర ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది. ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు ఉండేది, ఒక ఎంఎల్‌లో 100 యూనిట్లు ఉండేది. వయల్స్ చాలావరకు 40వి. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జ్‌లు 100వి. కానీ కొన్ని రకాలు, ముఖ్యంగా గ్లార్జిన్, 100 బలంతో వయల్స్‌లో కూడా వస్తాయి. 40 మందుకు ఎర్ర మూత సిరంజీ, 100 మందుకు నారింజ మూత సిరంజీ. రెండు సిరంజీలూ ఒకే లావు, ఒకే పొడవు. మారేది గీతల లెక్క. ఎర్ర మూత సిరంజీలో 16వ గీత అంటే 0.4 ఎంఎల్. అందులో 40 బలం మందు ఉంటే 16 యూనిట్లు. 100 బలం మందు ఉంటే 40 యూనిట్లు. అంటే ఇవ్వాల్సినదానికి రెండున్నర రెట్లు.

రాత్రి 2:40కి ఆవిడ కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "సిస్టర్, అమ్మకు చెమటలు పోస్తున్నయ్, ఎట్లనో చేస్తుంది, జర చూడండి." వెళ్లేసరికి జాకెట్టు తడిసిపోయి ఉంది. పిలిస్తే 'ఊ' అంటోంది, కళ్లు తెరవడం లేదు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 46. డ్యూటీ డాక్టర్‌ను పిలిచి, 25 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ నీళ్లు, 100 ఎంఎల్ ఎక్కించాం. పావుగంటలో 118కి వచ్చింది. ఆవిడ కళ్లు తెరిచి, "ఏందో గుండె దడదడ అన్నది బిడ్డా, గంతే" అంది. రాత్రి అన్నం సగమే తిన్నదని కొడుకు చెప్పాడు. సరిగా తినకపోవడం వల్ల షుగర్ పడిందని డాక్టర్ కేస్ షీట్‌లో రాసి, ఉదయం మళ్లీ చూద్దామని వెళ్లిపోయాడు.

నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. సగం అన్నానికి 46 దాకా పడుతుందా? ఫ్రిజ్ తెరిచి వయల్ బయటికి తీసి లైటు కింద పెట్టాను. మందు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, '100 ఐయూ/ఎంఎల్', అంటే ఒక ఎంఎల్‌లో 100 యూనిట్లు. ట్రాలీ మీద కిడ్నీ ట్రేలో సిరంజీ మూత ఇంకా అలాగే పడి ఉంది. ఎర్రగా.

అరచేతిలో పెన్నుతో లెక్క వేశాను. 0.4 ఇంటూ 100. రెండుసార్లు వేశాను. రెండుసార్లూ 40 వచ్చింది. కాళ్లలో సత్తువ పోయింది, ఫ్రిజ్ పట్టుకుని నిలబడ్డాను.

పక్క వార్డులో సీనియర్ చేచి ఉంది. మలయాళీ, చేచి అంటే వాళ్ల భాషలో అక్క. పదిహేనేళ్ల సర్వీస్, నాకు పని నేర్పింది ఆవిడే. ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "షుగర్ సరైంది కదా. తినలేదని డాక్టరే రాశాడు. గంటగంటకీ నువ్వే చూసుకో. ఎందుకు ఇంత దూరం తీసుకెళ్తావ్? ఆ చిన్నపిల్ల సంతకం కూడా ఉంది అందులో" అంది. చేచి చెడ్డ మనిషి కాదు. నన్ను కాపాడాలనుకుంది. నేను చూసినవి ఆవిడ నాకంటే పదింతలు చూసి ఉంటుంది.

పావుగంట సేపు నేను ఏమీ చేయలేదు. ఆ పావుగంటను తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మెమో గుర్తొచ్చింది, జీతం గుర్తొచ్చింది, ఊళ్లో నాన్న చిట్టీ గుర్తొచ్చింది. ఒక్కసారి కూడా 14వ బెడ్ వైపు చూడలేదు. తర్వాత ఒక మాట తట్టింది. గ్లార్జిన్ మామూలు ఇన్సులిన్ కాదు, దాదాపు 24 గంటలు పని చేస్తూనే ఉంటుంది. ఇప్పుడెక్కించిన డెక్స్‌ట్రోజ్ కాసేపటికి అయిపోతుంది, ఆవిడ ఒంట్లో మందు రేపు రాత్రి దాకా ఉంటుంది. డాక్టర్ తినలేదనుకుని నిద్రపోతున్నాడు. 40 యూనిట్లు పడ్డాయని తెలిస్తేనే దానికి తగ్గ వైద్యం చేస్తాడు. నేను నోరు మూసుకుంటే జరగబోయేది ఇక పొరపాటు కాదు, నేను తెలిసి చేసిన పని.

వెళ్లి తలుపు కొట్టాను. "సార్, 14వ బెడ్‌కు నేను 16 బదులు 40 యూనిట్లు ఇచ్చాను." ఇరవై ఆరేళ్ల కుర్రాడు. ఒక్క క్షణం నా ముఖం చూసి, ఏమీ అనకుండా చెప్పులేసుకుని వచ్చాడు. 10 శాతం డెక్స్‌ట్రోజ్ డ్రిప్ పెట్టించాడు, గంటకోసారి షుగర్ చూడమన్నాడు, పెద్ద డాక్టర్‌కు, అంటే కన్సల్టెంట్‌కు, ఫోన్ చేశాడు. ఐదు గంటలకు డ్రిప్ పోతుండగానే షుగర్ 71. డ్రిప్ స్పీడ్ పెంచారు. అది లేకపోతే ఎంత ఉండేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఉదయం ఆరున్నరకు ఇన్సిడెంట్ ఫారం, అంటే జరిగిన పొరపాటు రాసి ఇచ్చే కాగితం, తీశాను. స్టేషన్ డ్రాయర్ అడుగున, ప్లాస్టిక్ కవర్‌లో, ఒక్క కాగితం కూడా వాడని ప్యాడ్. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, వెంటనే ఏం చేశారు, ఎవరికి తెలియజేశారు. పేరు రాయడం మన ఇష్టం. పేరు రాశాను. జూనియర్ పక్కన నిలబడి ఏడుస్తోంది. "అక్కా, నా సంతకం చూడకుండా పెట్టానని రాస్తారా?" అంది. రాయక తప్పదన్నాను, అలా పెట్టడం నీ ఒక్కదాని అలవాటు కాదు, నాదీనని కూడా రాస్తానన్నాను. అలాగే రాశాను.

పదింటికి ఎన్ఎస్ (నర్సింగ్ సూపరింటెండెంట్) మేడమ్ గదికి పిలిచారు. మొదటి ప్రశ్న, "లోడ్ చేసింది ఎవరు?" రెండో ప్రశ్న, "ఎన్నేళ్ల సర్వీస్ నీది?" ఆ రెండు ప్రశ్నలతోనే నా పాత ఆసుపత్రి మొత్తం కళ్ల ముందుకొచ్చింది. కానీ మధ్యాహ్నం క్వాలిటీ విభాగం డాక్టర్ వార్డుకు వచ్చారు. ఫైలు తెరవలేదు. "సిస్టర్, ఆ ఫ్రిజ్ ఒకసారి చూపిస్తారా?" అని అడిగారు. ట్రే బయటికి తీసి, వయల్స్ వరసగా పెట్టి ఫొటో తీసుకున్నారు. సిరంజీల డబ్బా తిరగేశారు. ఎర్ర మూతలు, నారింజ మూతలు కలిసి ఉన్నాయి. తర్వాత ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. ఆరుగురు నర్సులను ఒక్కొక్కరినే పిలిచి, అదే వయల్, అదే డబ్బా ఇచ్చి, 16 యూనిట్లు లోడ్ చేసి చూపించమన్నారు. ముగ్గురు ఎర్ర మూత తీశారు. అందులో ఒకరు చేచి. ఆ సిరంజీ చేతిలో పట్టుకుని చేచి నా వైపు చూసిన చూపులో ఉన్నది కోపం కాదు, భయం.

కుటుంబానికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. కన్సల్టెంట్ నన్ను రావద్దన్నారు, నేనే వస్తానన్నాను. ఆయన కొడుకును కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఇన్సులిన్ ఎక్కువ పడిందని, ప్రమాదం దాటిందని, ఇంకో రోజు గమనిస్తామని, ఆ రోజు ఖర్చు ఆసుపత్రిదేనని. నేను క్షమించమని అడిగాను. అతను నన్నే చూస్తూ, "మీరు చెప్పకపోతే మాకు ఎర్కయ్యేదా?" అన్నాడు. కాదన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇగ మా అమ్మకు ఈమె సూది వెయ్యద్దు" అని లేచిపోయాడు. డిశ్చార్జ్ దాకా నాతో మాట్లాడలేదు. అతని కోపం న్యాయమైనదే. తల్లి మంచం మీద పడి ఉంటే వచ్చే కోపం అది. నిజం చెబితే అందరూ మెచ్చుకుంటారని ఎవరికైనా చెప్పడం తప్పు. మెచ్చుకోరు. అయినా చెప్పాలి, ఎందుకంటే ఆ ఒళ్లు వాళ్లది.

వారం తర్వాత మీటింగ్. నేను, జూనియర్, ఇన్‌ఛార్జ్, ఫార్మసీ వాళ్లు, స్టోర్స్ నుంచి ఒకరు, ఎన్ఎస్ మేడమ్, క్వాలిటీ డాక్టర్. బోర్డు మీద ఒక్కో జవాబు కింద మళ్లీ 'ఎందుకు' అని రాస్తూ పోయారు. ఎక్కువ యూనిట్లు ఎందుకు పడ్డాయి? తప్పు సిరంజీ. తప్పు సిరంజీ ఎందుకు? రెండు రకాలూ ఒకే డబ్బాలో. ఒకే డబ్బాలో ఎందుకు? స్టోర్స్ నుంచి ఇన్సులిన్ సిరంజీ అనే ఒకే పేరుతో వస్తాయి. వయల్ ఎందుకొచ్చింది? పెన్ను లేదు కాబట్టి. బలం మారిందని వార్డుకు ఎవరైనా చెప్పారా? లేదు. రెండో నర్సు ఎందుకు చూడలేదు? ఇక్కడికి వచ్చేసరికి గదిలో అందరూ తలలు దించుకున్నారు. జూనియరే చెప్పింది, గొంతు వణుకుతూ, "చూసే టైం ఉండదు సార్. ఇద్దరమే ఉంటాం."

మెమో రాలేదు. నాకు, జూనియర్‌కు మందుల లెక్కల మీద రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఫ్రిజ్‌లో ట్రేలు విడిపోయాయి. 100 బలం వయల్ వస్తే ఫార్మసీయే దాని చుట్టూ నారింజ రంగు స్టిక్కర్ వేసి, నారింజ మూత సిరంజీలతో కలిపి ఒకే కవర్‌లో పంపాలని తేల్చారు. ఇద్దరు చూడటమంటే మంచం పక్కనే నిలబడి, వయల్ మీది అంకె పైకి చదివి, సిరంజీ చూపించి, అప్పుడే సంతకం పెట్టడం.

ఆ తర్వాతి నెల నాకు సులువుగా గడవలేదు. నా వల్ల పని పెరిగిందని కొందరు ముఖం మీదే అన్నారు. టీ తాగడానికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. చేచి మాత్రం ఒక రోజు నైట్ డ్యూటీ అయ్యాక లిఫ్ట్ దగ్గర ఆపి, "నేను పదిహేనేళ్లలో ఎన్ని దాచానో లెక్క లేదు మోళే" అంది. మోళే అంటే అమ్మాయీ అని. ఇంకేమీ అనలేదు. మరుసటి వారం డ్రాయర్‌లోని ప్యాడ్‌లో రెండో కాగితం నిండింది. రాసింది ఆవిడే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ 5 ఎంఎల్ వయల్స్‌లో 5,000 యూనిట్లదీ 25,000 యూనిట్లదీ పక్కపక్కనే పెడుతున్నారని, చేతిలోకి తీసుకున్నాక గమనించి ఆగిపోయానని.

మూడోది జూనియర్ రాసింది. 10 ఎంఎల్ పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గొట్టం), డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ ఒకే ట్రేలో ఉన్నాయని. ఇది తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పొటాషియాన్ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి, నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. యాంటీబయాటిక్ పొడిని కలపడానికి మేం రోజుకు పదులసార్లు చెయ్యి పెట్టే ట్రే అది. ఆ సాయంత్రమే పొటాషియం అక్కడి నుంచి తాళం వేసే అల్మారాలోకి వెళ్లింది. అక్కడ ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. చూసినవాళ్లు మాత్రం చాలామంది ఉండి ఉంటారు.

మరుసటి ఏడాది మళ్లీ ప్రశ్నల కాగితం వచ్చింది. ఈసారి కవర్లు ఇచ్చారు, క్వాలిటీ విభాగం గుమ్మం దగ్గర తాళం వేసిన పెట్టె పెట్టారు. అదే వాక్యం దగ్గర పెన్ను ఆగింది. క్వాలిటీ డాక్టర్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది, ఎన్ఎస్ మేడమ్ అడిగిన ప్రశ్న కూడా గుర్తొచ్చింది. 'కొంతవరకు ఒప్పుకుంటాను' అని పక్కన చేత్తో రాసి వేశాను. ఎన్ని రిపోర్టులు అన్నచోట 6 అని రాశాను.

మీటింగ్‌లో తేల్చినవాటిలో ఒకటి ఇంకా జరగలేదు. నైట్‌కు మూడో నర్సును ఇవ్వాలని బోర్డు మీద రాశారు, మినిట్స్‌లో కూడా ఉంది. స్టిక్కర్లు వచ్చాయి, ట్రేలు వచ్చాయి, మనిషి రాలేదు. అందుకే ఇద్దరమే ఉండి రోగులు 20 దాటిన ప్రతి రాత్రీ నేనొక ఫారం నింపుతున్నాను. ఏం జరిగింది అన్నచోట, ఇంకా ఏమీ జరగలేదు, 21 మంది ఉన్నారు, ఇద్దరం ఉన్నాం అని రాస్తాను. వెంటనే ఏం చేశారు అన్నచోట, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను అని, టైం వేస్తాను. నిన్న రాత్రి కూడా ఒకటి నింపాను. 11:20కి.